అసలు చెడని వడ్డీ: మిరపచేను, గట్టు, అడవి



సహకార సంఘమున చేరినవారెల్లరు మొట్టమొదట నేర్చుకొను సంగతి యొకటి కలదు. అసలు వేఱు, వడ్డీ వేఱు. అసలు నిలిచియున్నంతకాలము వడ్డీ వచ్చుచుండును. అసలునే తినివేసినవాడు ఒక యేడు సుఖపడి మఱుసటియేట ఋణపత్రము వ్రాయవలసినవాడగును. 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము మొదలు నేటివరకు మన సంఘముల లెక్కలన్నియు ఈ భేదముమీదనే నడచుచున్నవి. పైకము విషయమున ఇంత జాగ్రత్తగానుండు మనము, భూమి విషయమునను, గట్టు విషయమునను, అడవి విషయమునను ఈ న్యాయమును మఱచియున్నాము. దానిని జ్ఞాపకము చేయుటకే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఈపూరు మండలము పూర్వము గుంటూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. 1967 ఆగష్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత ఈ ప్రాంతపు సేద్యమే మాఱిపోయినది. మిరపయు పత్తియు మనకు రొక్కము తెచ్చు పంటలైనవి. కోటప్పకొండ తిరునాళ్ల నాటికి కళ్లములు ఎఱ్ఱబాఱియుండును. ఇది యొక ప్రక్క. మఱియొక ప్రక్క, బొల్లాపల్లి మొదలు మాచెర్లవరకు పడమటి దిక్కున నల్లమల అడవి యున్నది. మిరప చేనిలోనిది, చింతపండు చెట్టుది, కరివేపాకు పెరటిలోను అడవిలోను గూడ పెరుగునది. భారతప్రభుత్వపు సుగంధద్రవ్యముల బోర్డువారు లెక్కించిన 52 సంబారములలో ఈ మూడును చేరియున్నవి. కాబట్టి సంబారముల సాగనగా చేను మాత్రమే కాదు. చేను, గట్టు, అడవి మూడును గలసిన ఆస్తి యని మనము గ్రహింపవలెను.

1. రెండుమాఱులు కలిగిన నష్టము

పెద్దలకు జ్ఞాపకముండును. 1980 దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పత్తి విస్తారముగా సాగయ్యెను. ఆ దినములలోనే సింథటిక్ పైరెత్రాయిడులను క్రొత్త మందులు వచ్చెను. తొలుత వాని పని అద్భుతముగా నుండెను. పురుగు రాలిపోవుట కన్నులజూచి రైతులు మాఱుమాఱు జల్లిరి. పిమ్మట తెల్లదోమ విజృంభించెను. దానివెంట శనగపచ్చపురుగు ఏ మందునకును లొంగక చెలరేగెను. 1987-88లో పంట నశించి, అప్పులు తీర్చు దారిలేక పత్తిరైతులు ప్రాణములు తీసికొనిన దుఃఖము ఈ సీమదే.

ఇట్లేల జరిగెను? మందు చంపినది చేనుతిను పురుగు నొక్కదానినే కాదు. ఆ పురుగును తిని బ్రతుకు అక్షింతలపురుగులను, అల్లికరెక్కల పురుగులను, సాలెపురుగులను, పురుగు గ్రుడ్లలో తమ గ్రుడ్లు పెట్టు సన్నని కందిరీగలను గూడ చంపినది. చేనుతిను పురుగు సంతతి త్వరగా పెరుగును. దానిని తినువాని సంతతి మెల్లగా పెరుగును. మందునకు చావక మిగిలిన కొలది పురుగులు మందును తట్టుకొను పిల్లలను కనెను. కావలివాండ్రు పోయిరి, దొంగలు బలిసిరి. ఆ కావలివాండ్రే మన అసలు.

రెండవ నష్టము నిన్నటిది. నల్ల తామరపురుగు, శాస్త్రనామము థ్రిప్స్ పార్విస్పైనస్, ఆగ్నేయాసియా దేశములకు చెందినది. మన దేశమున 2015లో బెంగళూరు ప్రాంతపు బొప్పాయి మొక్కలమీద దీనిని మొదట గుర్తించిరి. 2021-22 పంటకాలమున అది ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రముల మిరపచేలను ముంచెత్తినది. మనమెఱిగిన పాత తామరపురుగు ఆకును పైకి ముడుచునట్లు చేయును. ఈ క్రొత్తది గుంపులుగుంపులుగా పూవులో చేరును. పూవు రాలును, కాయ నిలువదు. పూవు ఎట్లయిన నిలుపుకొనవలెనని ఒకరినిచూచి యొకరు మందుమీద మందు జల్లిరి. రెండుమూడు మందులు కలిపియు జల్లిరి. అప్పటికిని ఫలము లేక పలువురు పచ్చని చేలను దున్నివేసిరి.

ఈ పురుగు ప్రకృతిసేద్యము చేసినవారి చేలను విడిచి తక్కినవారి చేలమీదనే పడినదని మేము చెప్పము. అట్లు చెప్పుట సత్యము కాదు. మేము చెప్పునది వేఱు. అపాయము వచ్చుట మన చేతిలో లేదు. అపాయము వచ్చుసరికి మన చేనిలో కావలివాండ్రుండుటయు, మన చేతిలో అప్పు తక్కువగా నుండుటయు మాత్రము మన చేతిలోనే యున్నవి.

2. నేలలోని అసలు

నేలలోని అసలునకు కొలత కలదు. దానిని సేంద్రియ కర్బనమందురు. భూసార పరీక్షాపత్రములో అది నూటికి 0.5 కంటె తక్కువయున్నచో నేల బలహీనమనియు, 0.5 మొదలు 0.75 వరకు మధ్యమమనియు, అంతకు మించిన ఉత్తమమనియు లెక్క. సభ్యులు తమ పత్రమున నత్రజని, భాస్వరము, పొటాషు అంకెలను జూచి యీ అంకెను దాటిపోవుచుందురు. కాని తక్కిన మూడింటిని నిలుపుకొను సంచి యిదియే. సంచి చినిగియుండగా ఎన్ని బస్తాల ఎఱువు పోసినను ఏమి లాభము?

మన ఎండలకు వట్టినేల త్వరగా కర్బనమును పోగొట్టుకొనును. ఫాల్గుణ చైత్రములలో కడపటి కోత యైన తరువాత మిరపకట్టెను తగులబెట్టి, తొలకరివరకు నేలను ఎండకు విడిచిపెట్టుట మన ఆచారము. సంవత్సరమున మూడు నాలుగు నెలలు అసలును ఎండలో ఆఱవేసినట్లే యిది. కట్టెను తగులబెట్టక ముక్కలుచేసి చాళ్లమధ్య పఱచినయెడల అదియే నేలకు దుప్పటి యగును. తెగులు సోకిన మొక్కలను మాత్రము వేఱుచేసి తీసివేయవలెను.

వట్టినేలకు విరుగుడుగా వేసవిలోనే నవధాన్యములు చల్లు పద్ధతి మన రాష్ట్రమున వ్యాపించుచున్నది. జొన్న, సజ్జ, కొఱ్ఱ, కంది, పెసర, అలసంద, ఉలవ, నువ్వు, ఆముదము, జనుము, గోంగూర, ధనియాలు, ఆవాలు, మెంతులు — దొరికినన్ని జాతుల విత్తనములను గలిపి, బంకమన్నును ఘనజీవామృతమును పట్టించి, పొడినేలలోనే విత్తుదురు. ఒక వాన పడినను మొలక వచ్చును. 45 మొదలు 60 దినములు పెరిగిన పిమ్మట కోసి నేలపై పఱతురు, లేదా కలియదున్నుదురు. పప్పుజాతి మొక్కల వేళ్లమీది బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చును. జొన్నజాతుల పీచువేళ్లు మట్టిని గుల్లచేయును. ఒక్కొక జాతి వేరు ఒక్కొక లోతునకు పోవును గనుక, ఒకే పంట చేయజాలని పని పది జాతులు గలిసి చేయును.

ద్రవజీవామృతము చేయు విధము పలువురెఱిగినదే యైనను క్రొత్తవారికొఱకు వ్రాయుచున్నాము. ఎకరమునకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల నాటు ఆవుపేడ, 5 మొదలు 10 లీటర్ల మూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, పిడికెడు మన్ను కలిపి, నీడలోనుంచి, రోజునకు రెండు మూడుమాఱులు కఱ్ఱతో కలియబెట్టుచు 48 గంటలు పులియనీయవలెను. తడియున్న నేలకే దీనిని పాఱింపవలెను. ఇది మొక్కకు వేయు అన్నము కాదు. నేలలోని జీవులను పెంచు తోడు. పాలలో తోడు వేసినట్లే యిది. నేలలో చెత్తయు ఆకును లేనిచో, పాలు లేని కుండలో తోడు వేసినట్లగును.

ఈ పద్ధతులు ఒకరిద్దరి వేడుకలు కావు. 2003లో ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామస్థులు పురుగుమందు వాడమని ప్రకటించుకొనిరి. అది పత్తి పండించు గ్రామము. 2004 నుండి మహిళా పొదుపు సంఘములద్వారా మందులులేని సస్యరక్షణ మన రాష్ట్రమున పలు జిల్లాలకు వ్యాపించెను. తరువాత రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయమును చేపట్టి లక్షలాది రైతులకు నేర్పినది. ఆ కృషికి 2024లో పోర్చుగలు దేశపు లిస్బన్ నగరమునుండి గుల్బెంకియన్ బహుమానము వచ్చినది. దానిని మన్నుశాస్త్రవేత్తయగు రతన్ లాల్ గారును, ఈజిప్టు దేశపు సెకెమ్ సంస్థయు మనతో పంచుకొనిరి. అమెరికాఖండమున పుట్టిన మిరపను 16వ శతాబ్దమున మన తీరమునకు తెచ్చినవారు పోర్చుగీసువారే. వారు తెచ్చిన మొక్కను మనము నేల చెడకుండ పెంచ నేర్చుచున్నందులకు వారి రాజధానినుండియే మన్నన దొరకినది.

3. గట్టుమీది అసలు

పైన జీవామృతమున పిడికెడు మన్ను వేయవలెనంటిమి. ఆ మన్ను ఎక్కడిది? మందు పడని గట్టుమీదినుండి, లేదా చెట్టు క్రిందినుండి తీసికొనవలెనని నియమము. చేనిలో చచ్చిన సూక్ష్మజీవులకు విత్తనము అక్కడనే యుండును. మఱి నేడు మన గట్టు ఎట్లున్నది? గడ్డిమందు జల్లి, నిప్పుపెట్టి, ట్రాక్టరు తిరుగుటకు నఱకి, గట్టును చేతివెడల్పు చేసితిమి. 200 లీటర్ల పీపా సంపాదింపవచ్చును. పిడికెడు మన్ను దొరకుట కష్టమైనది.

గట్టు మన మందులకొట్టు. కషాయములకు కావలసిన వేప, కానుగ, వావిలి, జిల్లేడు, ఉమ్మెత్త, సీతాఫలము, ఆముదము — ఇవియన్నియు గట్టుమీదను బీడునను తమంతట తాము పెరుగునవి. వీనిని మనము నాటలేదు, నీరు పోయలేదు. కొట్టుకు పోయి అప్పుమీద తెచ్చుకొను డబ్బా కంటె, గట్టుమీద చేతికందు కొమ్మకు విలువ తక్కువ యనుకొంటిమి గనుకనే దానిని పోగొట్టుకొనుచున్నాము.

గట్టు మన కావలివాండ్ర ఇల్లుగూడ. అక్షింతలపురుగునకు చేనిలో పేనుబంక లేని దినములలో వేఱొకచోట తిండి కావలెను. సన్నని కందిరీగకు పూవులలోని తేనె కావలెను. తేనెటీగకు పుట్టయో తొఱ్ఱయో కావలెను. మిరప తన పూవుతో తానే ఫలించునదే యైనను, ఈగలు వచ్చిపోవు చేనిలో కాయపట్టు మేలుగానుండును. కాబట్టి చేనిచుట్టు రెండు మూడు వరుసలు జొన్నగాని మొక్కజొన్నగాని వేయుడు. ఎగిరివచ్చు చిన్నపురుగులకు అది కంచె యగును. అక్కడక్కడ బంతియు ఆముదమును నాటుడు. లద్దెపురుగు ఆముదపుటాకుపై గ్రుడ్లుపెట్టును, ఆ యాకును ఏరి నాశనము చేయవచ్చును. సాళ్లమధ్య ధనియాలు, ఆవాలు చల్లుడు. వాని చిన్నపూవులు కావలివాండ్రకు అన్నసత్రములు. గింజ మనకు సంబారము. ఒక్క చేనిలో మూడు సంబారములు పండించినవానికి ఒకదాని ధర పడిపోయినను రెండవది చేయిపట్టును.

విత్తనము మాటయు ఇక్కడనే చెప్పవలెను. సంకరజాతి విత్తనము ఏటేట కొనవలసినదే. దాని గింజను దాచి వేసిన పంట ఏకరీతిగా రాదు. సూటిరకములందట్లు కాదు. ఆరోగ్యమైన చెట్లను పూతనాడే గుఱుతుపెట్టి, తక్కిన మిరపచేలకు దూరముగానున్న చెక్కలోనుండి, నడుమ కోతల కాయను విత్తనమునకు తీసికొనవచ్చును. మన గ్రామములలో ఇంకను పెరటిలో మిగిలియున్న పాత మిరపజాతులను ఒక్కొక చెట్టుగానైనను నిలుపుడు. తెగులును తట్టుకొను గుణము ఏ మూలనున్నదో ముందుగా చెప్పగలవారు లేరు.

4. మందు ముట్టుటకు ముందు

నల్ల తామరపురుగు పూవులో తిరిగినను, ముడుచుకొని రూపు మార్చుకొనుటకు నేలలోనికి దిగును. ఈ యొక్క సంగతి తెలిసిన రైతునకు నాలుగు ఉపాయములు దొరకును. నేలపై దుప్పటివలె చెత్త పఱచినచో దానిక్రింద పురుగును తిను సూక్ష్మమగు నల్లులును చీమలును చేరును. నేలకు వేపపిండి వేయవచ్చును. నీలిరంగు జిగురు అట్టలను మొక్కతలల యెత్తున కట్టి, పురుగు ఎన్నడు వచ్చినదో, ఎంత వచ్చినదో కనిపెట్టవచ్చును. యూరియా మితిమీరి వేయకుండుట నాలుగవది. లేతదనము హెచ్చిన మొక్క రసముపీల్చు పురుగులకు పిలుపు వంటిది.

ఇన్ని చేసిన పిమ్మట కూడ పురుగు పెరిగినచో మొదట వేపనూనెగాని వేపకషాయముగాని జల్లుడు. అటుపిమ్మట బవేరియా వంటి, పురుగునకు తెగులు కలిగించు బూజును సాయంకాలము చల్లనివేళ జల్లుడు. విధిలేక రసాయనమునకు దిగినను, పూతమీద ఉదయమున ఈగలు తిరుగు వేళ జల్లవలదు, రెండు మందులు కలుపవలదు, ఒకే జాతి మందును వరుసగా వాడవలదు, పైరెత్రాయిడులను ముట్టవలదు. మందు డబ్బా అమ్మువాని సలహా కాక, జిగురు అట్టమీది లెక్క మనకు సలహాదారు కావలెను.

5. అడవిలోని అసలు: పండు, ఆకు, వేరు

చేనినుండి అడవికి పోవుదము. అడవి సంబారములను సేకరించుట దోషము కాదు. తరతరములుగా చెంచులు నల్లమలలో చింతపండును, తేనెను, కుంకుళ్లను, తపసిబంకను సేకరించి బ్రతుకుచున్నారు, అడవియు నిలిచియున్నది. ఏది తీసికొనుచున్నాము, ఎంత తీసికొనుచున్నాము, ఎట్లు తీసికొనుచున్నాము అను మూడు ప్రశ్నలమీద అంతయు ఆధారపడియున్నది.

పండు తీసికొనుట వడ్డీ తీసికొనుట. చింతచెట్టు నూఱేండ్లకు మించి బ్రతుకును. మాఘము మొదలు చైత్రమువరకు పండిన కాయను దులిపి ఏరుకొన్న చెట్టునకేమియు లోటు లేదు. కాని పోటీపడి పచ్చికాయ దులుపుటయు, అందని కొమ్మను విఱుచుటయు, గొడ్డలితో నఱకుటయు అసలును ముట్టుట యగును. విఱిగిన కొమ్మ మఱల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును.

ఆకు తీసికొనుట చేబదులు తీసికొనుట వంటిది. తీర్చు గడువు ఇయ్యవలెను. అడవికరివేపను మొక్కయంతయు దూయక, కొన్ని రెమ్మలు మాత్రము కోసి, కొనలను మిగిల్చినచో మఱల చిగిర్చును. నల్లని పండ్లున్న మొక్కలను ముట్టవలదు. ఆ పండ్లను తినిన పక్షులే విత్తనమును దూరముగా నాటును.

వేరు తీసికొనుట అసలును తినుట. దీనికి నిదర్శనము బర్రెసుగంధి. కొందఱు మారేడుకొమ్ములందురు. డెకాలెపిస్ హమిల్టోనియై అని దీని శాస్త్రనామము. దక్షిణభారతమున దప్ప లోకమున మఱెక్కడను సహజముగా పెరుగదు. దీని దుంపవేళ్లకు వనిల్లావంటి పరిమళము గలదు. పచ్చళ్లకును, రాయలసీమవారి నన్నారి షరబత్తునకును ఈ వేళ్లు పోవును. వేరు త్రవ్విన తీగ చచ్చును. గిరాకి హెచ్చినకొలది చేతికందిన తీగనెల్ల పెకలించుటచే అడవులలో ఇది అరుదైపోయినది. త్రవ్వవలసివచ్చినచో ప్రక్కవేళ్లు కొన్ని తీసి, తల్లివేరును మొదలును విడిచి, మన్ను కప్పివేయవలెను. అంతకంటె మేలు, విత్తనముతో నారు పెంచి మన గట్టులమీదనే పాకించుకొనుట. అడవిలోని అసలును కాపాడుటకు గట్టుమీది సాగు ఇట్లు తోడ్పడును.

వేరుతో పాటు పోయిన సంబారమునకు ప్రపంచచరిత్రలో గొప్ప దృష్టాంతము కలదు. నేటి లిబియా దేశమున పూర్వము సైరీనీయను గ్రీకునగరముండెను. దాని చుట్టుపట్ల సిల్ఫియమను మొక్క అడవిగా పెరిగెడిది. దాని జిగురు మందునకును వంటకును ఎంత ప్రియమైనదనగా, ఆ నగరమువారు తమ నాణెములమీద ఆ మొక్క బొమ్మను ముద్రించుకొనిరి. దానిని తోటలలో పెంచుట సాధ్యపడలేదు. జనులు త్రవ్విరి, పశువులు మేసెను. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమక రచయిత ప్లినీ, తన కాలమున ఒక్క కాడ మాత్రమే దొరకగా దానిని నీరో చక్రవర్తికి పంపిరని వ్రాసెను. ధర వెండియెత్తున పెరిగినను మొక్క తిరిగి రాలేదు. అరుదైనకొలది ధర పెరుగును, ధర పెరిగినకొలది త్రవ్వువారు పెరుగుదురు. అంగడి తనంతట తాను ఈ చక్రమును ఆపజాలదు. దానిని ఆపగలది సేకరించువారి కట్టుబాటే.

కట్టుబాటు వలన మేలు కలుగునని తపసిబంక మనకు చూపుచున్నది. ఇది సంబారము కాకున్నను పాఠమొక్కటే. పూర్వము బంకకొఱకు తపసిచెట్టును గొడ్డలితో లోతుగా గాట్లుపెట్టెడివారు, చెట్లు చచ్చెడివి. 1990 దశకమునుండి గిరిజనులకు పైపొర మాత్రమే గీయు చిన్న పనిముట్లనిచ్చి, గాటు మానువరకు ఆగవలెనని నేర్పిరి. బంక శుభ్రముగా వచ్చి మేలైన ధర పలికెను, చెట్టును బ్రతికెను. నేడు ఫెయిర్‌వైల్డ్ అను అంతర్జాతీయ నియమావళి కూడ ఇదే మాట చెప్పుచున్నది: మొక్క తిరిగి పెరుగు వేగమునకు మించి సేకరింపరాదు, సేకరించిన చేతికి న్యాయమైన ధర దక్కవలెను.

6. హక్కు ఎవరిది, ధర ఎవరికి

సభ్యులొక విషయము స్పష్టముగా నెఱుగవలెను. 2006 అటవీహక్కుల చట్టము ప్రకారము, చిన్నతరహా అటవీఫలసాయమును సేకరించుకొని అమ్ముకొను హక్కు అడవినాశ్రయించి తరతరములుగా బ్రతుకుచున్నవారిది. మన పశ్చిమమునగల అడవిలో చాలభాగము నాగార్జునసాగరు-శ్రీశైలము పులుల అభయారణ్యము. మైదానపు రైతులము కూలీలను బండి కెక్కించి అడవిమీదికి పంపుట చట్టవిరుద్ధము, ధర్మవిరుద్ధము గూడ. మనము చేయదగినది సేకరించువారియొద్ద న్యాయమైన ధరకు కొనుట.

ఈ కార్యమునకు సహకారమార్గము క్రొత్తది కాదు. 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణము కేంద్రముగా నేర్పడి, దళారుల తూకములనుండి గిరిజనులను కాపాడుటకు పూనుకొన్నది. 2013-14లో కేంద్రప్రభుత్వము చింతపండు, తేనె, కరక్కాయ, తపసిబంక మొదలగువానికి కనీస మద్దతుధర పథకమును ప్రారంభించెను. మన సంఘములు చింతపండును గింజతీసి, శుభ్రముచేసి, తూకమువేసి అమ్మినచో ఆ పనివలని లాభము సేకరించినవారికిని మనకును దక్కును.

చేనిలోని కాయకును ఇట్టి విచారమే కావలెను. నేలమీద ఆఱబెట్టిన కాయకు తేమ పట్టి బూజు చేరును. బూజునుండి అఫ్లటాక్సినను విషము పుట్టును. ఐరోపా దేశములవారు కిలో మిరపలో ఈ విషములన్నియు గలిసి 10 మైక్రోగ్రాములకును, అందు బి1 అనునది 5 మైక్రోగ్రాములకును మించరాదని కట్టడి చేసిరి. ప్రత్యేకముగా హద్దు నిర్ణయింపని పురుగుమందుల అవశేషము కిలోకు 0.01 మిల్లిగ్రాము మించరాదనిరి. కాబట్టి మందు తగ్గించి, పట్టాలమీద ఆఱబెట్టి, నీరు చల్లక, తాలుకాయ వేఱుచేసి నిలువచేసిన సభ్యుల సరకును విడిగా లాటుకట్టుటయు, దానికి పరీక్షాపత్రము సంపాదించుటయు సంఘము పని. ఒక్క రైతు పది బస్తాలకు పరీక్ష చేయించుకొనజాలడు. నలువదిమంది గలిసిన చేయించుకొనగలరు.

7. కౌలుదారుని మాట

ఇంతవరకు చెప్పినదంతయు విని కౌలురైతు అడుగు ప్రశ్న యొకటి కలదు. “నేల నాది కాదు. వచ్చేయేడు ఇది నా చేతిలో నుండునో లేదో తెలియదు. గట్టుమీద నేను చెట్టు పెట్టి యెవరికి మేలుచేయుదును?” ఈ ప్రశ్న న్యాయమైనది. మూడేండ్లకు పెరుగు అసలును పదునొకండు నెలల కౌలుదారు ఏల పెట్టవలెను? 2019లో మన రాష్ట్రమున చేసిన పంటసాగుదారుల హక్కుల చట్టమునందును పత్రమునకు గడువు 11 నెలలే. మిరపకు ఎకరమునకు పెట్టు పెట్టుబడిలో కౌలు పెద్దభాగము. అది తీరవలెనన్న ఈయేడే కాయవలెను. ఆ తొందరయే కౌలుదారుని మందుడబ్బావైపు త్రోయుచున్నది.

దీనికి మేము తోచిన మార్గమును సూచించుచున్నాము. భూమిగల సభ్యులు కౌలును మూడేండ్లకు వ్రాసియిత్తురు గాక. అందులకు మాఱుగా కౌలుదారు వేసవి నవధాన్యములు విత్తుటకును, కట్టె కాల్చకుండుటకును, గట్టుపై మందు జల్లకుండుటకును ఒప్పుకొనవలెను. మొదటియేటను మూడవయేటను భూసారపరీక్ష చేయించి కర్బనపు అంకెను సంఘపు పుస్తకమున వ్రాయుదురు గాక. అంకె పెరిగినచో నేలవిలువ పెరిగినది. అందు భూస్వామికి లాభమున్నది గనుక కౌలులో కొంత తగ్గింపు కౌలుదారునకు న్యాయముగా చెందును. నేలను బాగుచేసినవానికి ఫలము దక్కని యేర్పాటు ఎంత మంచి పద్ధతినైనను నిలువనీయదు.

8. ఈ సంవత్సరము చేయదగిన పనులు

మొత్తము చేనును ఒక్కయేట మార్చవలదు. నేల కోలుకొనువఱకు దిగుబడి కొంత తగ్గవచ్చును. ఆ నష్టమును భరింపగలిగినంత మేరకే పూనుకొనుడు. అర ఎకరము విడిగా గుఱుతుపెట్టి, అందు ఈ క్రమమును నడుపుడు.

చైత్ర వైశాఖములలో: కట్టె ముక్కలుచేసి పఱచుట, నవధాన్యములు విత్తుట, భూసారపరీక్ష.

ఆషాఢమున: బీజామృతము పట్టించి నారు పోయుట, నారుమడిపై సన్నని వల కప్పుట, గట్టుపై వేప, కానుగ, కరివేప, చింత మొక్కలు నాటుట.

శ్రావణ భాద్రపదములలో: చుట్టు జొన్నవరుసలు, నడుమ ధనియాలు, బంతి, ఆముదము, నీలి, పసుపు అట్టలు కట్టుట, పదునైదు దినములకొకమాఱు జీవామృతము.

మార్గశిరము మొదలు ఫాల్గుణమువరకు: పూతపై కావలి, విత్తనపుచెట్లకు గుఱుతు, పట్టాలపై ఆఱబెట్టుట.

ఆ అర ఎకరమునకును, ప్రక్కనున్న అర ఎకరమునకును ఖర్చు ఎంత, దిగుబడి ఎంత, చేతికి మిగిలినది ఎంత యని వేఱువేఱుగా వ్రాయుడు. దిగుబడి అంకె నొక్కదానినే చూచినవాడు మోసపోవును. మిగులు అంకెను చూచినవాడే లెక్క తెలిసినవాడు.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామపు గట్టులమీద పదేండ్ల క్రిందట ఉండి నేడు కనబడని మొక్కలేవి? వాని పేర్లు తెలిసిన పెద్దలెవరు?

2. మందు పడని పిడికెడు మన్ను మన చేని దాపున ఎక్కడ దొరకును?

3. మన యింటికి వచ్చు చింతపండు ఏ చెట్టుది? ఎవరు దులిపిరి? వారికి ముట్టినదెంత?

4. మూడేండ్ల కౌలునకు ఒప్పుకొను సభ్యులు మన సంఘమున నెందఱు?

ఈ నాల్గవ ప్రశ్నకు వచ్చు ప్రత్యుత్తరమును కార్యదర్శులు సంఘపు పుస్తకమున వ్రాసి యుంచవలెనని కోరుచున్నాము.